కట్టిన చెయ్యి

పట్టాభిరామన్‌ను కొట్టి చంపినవాళ్ళలో ఆదికేశవన్ ఒకడని నాయుళ్ళ వీధిలో అందరికీ తెలుసు. పెద్ద మార్కెట్ వెనక సందులో, మిట్టమధ్యాహ్నం, దుకాణాలు తెరిచి ఉండగానే ఆ పని జరిగింది. పట్టాభి చేతిలో కరపత్రాలున్నాయి. ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న పుదుచ్చేరి ఇండియాలో కలవాలని వాటిలో అచ్చువేసి ఉంది. మొదటి దెబ్బకు కరపత్రాలు జారిపోయాయి. రెండో దెబ్బకు చెవి తెగింది. సైకిలు గొలుసుతో కొడుతూనే ఉన్నారు. బియ్యం కొట్టువాడు తలుపు సగం మూసి, ఆ సందులోంచి చూశాడు. బండి కింద పడి చనిపోయాడని కాగితాల్లోకి ఎక్కింది.

అన్న దొరైస్వామిది వీధి మొగలో కట్టెల అడితి. తమ్ముణ్ణి కట్టెలు తోలే బండిమీదే ఇంటికి తెచ్చుకున్నాడు. పట్టాభి భార్య తాయారు ఆ తల కడిగింది. ఎన్ని బిందెలు పోసినా నీళ్ళు ఎర్రగానే పారాయి. పలకరించడానికి వచ్చినవాళ్ళు వాకిట్లో ఆ నీళ్ళు దాటడానికి పంచెలు ఎత్తిపట్టుకున్నారు.

కర్మలు అయ్యాక దొరైస్వామి అడితిలోంచి ఒక గొడ్డలి తీసి మూలన విడిగా పెట్టాడు. దాంతో కట్టె కొట్టడు. శుక్రవారం శుక్రవారం నూరుతాడు.

యాభైనాలుగో సంవత్సరం ఎండాకాలంలో గాలి తిరిగింది. పట్టాభిని కొట్టిన ముఠాకు అన్నం పెట్టిన సారా కాంట్రాక్టరు తెల్లవారేసరికి ఖద్దరు వేసుకుని, ఇండియాలో కలవాల్సిందే అన్నాడు. చుట్టుపక్కల ఊళ్ళు ఒకటొకటే మూడురంగుల జెండా ఎత్తాయి. ఊరి చుట్టూ చౌకీలు లేచాయి. బియ్యం రాదు, కిరసనాయిలు రాదు, కట్టెల బండ్లు రావు. మధ్యలో పట్నం ఒక్కటే ఫ్రెంచివాళ్ళ చేతిలో మిగిలింది.

ముఠా రెండుగా చీలింది. వీరరాఘవన్ అనేవాడి వెంట కొందరు పాత ఫ్రెంచి పక్షానే ఉండిపోయారు. ఆదికేశవన్ కాంట్రాక్టరు వెంట కిరుమాంబాక్కం అనే పక్కూరికి పోయాడు. కాంట్రాక్టరు వాణ్ణి గడప తొక్కనివ్వలేదు. కొత్త చొక్కా మీద పాత మరక ఎవరికి కావాలి? ఆ ఊళ్ళో జెండా పట్టుకున్నవాళ్ళు వాణ్ణి గుర్తుపట్టి, చెట్టుకు కట్టేసి కొట్టారు. కట్లు తెంపుకుని పట్నంలోకి వచ్చి పడితే ఇక్కడ వీరరాఘవన్ మనుషులు వెతుకుతున్నారు. ఎవరి దెబ్బకు ఎవరు పోయారో వాడికి తెలుసు. రేపు ప్రభుత్వం మారితే ఆ నోరు తెరుచుకుంటుందని వాళ్ళ భయం.

తమిళుల ఆడి నెలలో, అంకాళమ్మ జాతరకు కాప్పు కట్టే రోజున, వాడు తల్లి వెనక నాయుళ్ళ వీధిలోకి వచ్చాడు. వాడు పుట్టిన వీధి అది. తల్లి లీలమ్మ వీధి చివర ఇడ్లీలు అమ్ముకుంటుంది. వాడి నెత్తిన కట్టిన గుడ్డ తడిసి, చెంప మీదికి నెత్తురు కారుతోంది.

కాప్పు అంటే కంకణం, పసుపుకొమ్ము కట్టిన నూలుతాడు. అది ఆ వీధికి తాతల నాటి కట్టడి. ముందు అమ్మవారి చేతికి కడతారు, తర్వాత ఇంటికొకరికి. పొయ్యి వేరైతే కాప్పు వేరు. కట్టుకున్నవాళ్ళు గుడి ముందు పందిట్లోనే తిని అక్కడే పడుకుంటారు. ఎవరినీ కొట్టకూడదు, నెత్తురు చిందించకూడదు, కాప్పు ఉన్నవాణ్ణి పరాయివాళ్ళకు వదలకూడదు. వాళ్ళంతా కలిసి ఒక ఒళ్ళు. ఒకరు తప్పితే అందరూ తప్పినట్టే. గుండం వెలిగించరు, అమ్మవారు గుడి దాటి రాదు. ఆఖరి రోజు నిప్పుల గుండం తొక్కి, మర్నాడు పొద్దున కాప్పు విప్పుతారు. కట్టిన చెయ్యే విప్పాలి. తాతల కాలంలో ఒకసారి పూజారి జాతర మధ్యలో వాంతిభేదితో పోతే, ఆఖరి మనిషి చేతి మీద నూలు చివికి రాలిపోయేదాకా వీధిలో కోడిని కూడా కొయ్యలేదట.

"ఆ ఏడు మనూరి కోళ్ళు ముసిలివై చచ్చినాయంట," అని దర్జీ పురుషోత్తమన్ ప్రతి ఏడూ చెబుతాడు. ఆ రోజు చెప్పలేదు.

గుడి అరుగు మీద వీధంతా కూర్చుంది. లీలమ్మ మెట్టు కిందే నిలబడింది.

"నా పొయ్యికి కాప్పు వీడు కట్టుకుంటాడు, అన్నా," అంది పూజారి రామానుజంతో.

"వాడికి కావాల్సింది అమ్మవారు కాదు అత్తా," అన్నాడు దొరైస్వామి. "మా చేతులు కట్టేసే తాడు."

"అవును," అన్నాడు ఆదికేశవన్. "యాడికి పోయేది? నాకింక చోటు లేదు."

"మా తమ్ముడికి ఆ సందులో చోటుండిందా?"

రామానుజం ఒత్తి కత్తిరించి, దీపం సరిచేసి తిరిగాడు. డెబ్భై దాటిన మనిషి. వీధిలో సగం మందికి పెదనాయన.

"నువ్వన్నది నిజమే దొరా. వాడు పుట్టింది ఈడనే, అదీ నిజమే. కట్టేదానికి నేనెవర్ని, వద్దనేదానికి నేనెవర్ని? పువ్వు పెట్టి అడుగుదాం. అడిగేముందు ఒక్క మాట. ఏది వస్తే దానికి లోబడతామని ఇంటింటా నోరు తెరిచి చెప్పాల. అంతా అయినాక గొణుగుడు పనికిరాదు."

ఒక్కొక్కరినే అడిగాడు. సరే, సరే అన్నారు. తాయారు దగ్గరికి వచ్చేసరికి అందరూ తలలు తిప్పారు. భర్త పోయాక ఆమె అదే వాకిట్లో వేరే పొయ్యి పెట్టుకుంది. ఆమె కాప్పు ఆమెది. గుడి లోపలికి చాలాసేపు చూసింది.

"సరే," అంది.

దొరైస్వామి ఆలోచించలేదు. అంకాళమ్మ విగ్రహం కాలికింద రాక్షసుడొకడు వెల్లకిలా పడి ఉన్నాడు. ఆమె శూలం వాడి కడుపులో దిగి ఉంది. ఏటేటా ఆ కడుపుకు కుంకం పూసేది ఈ వీధివాళ్ళే. అటువంటి తల్లి తమ్ముణ్ణి చంపినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటుందా?

"సరే," అన్నాడు గట్టిగా.

తడిపిన గన్నేరుపూలు రెండు విగ్రహం రెండు భుజాల మీదా అంటించారు. కుడిది రాలితే ఔను, ఎడమది రాలితే కాదు. వీధంతా చేతులు జోడించింది. చెమ్మ ఆరుతోంది. ఎడమ పువ్వు కొంచెం జారి ఆగింది. దొరైస్వామి ఆ పువ్వునే చూస్తున్నాడు. కుడి పువ్వు పడింది.

"ఇంకొక్కసారి అడుగు పెదనాయనా," అన్నాడు.

"నీకు కావాల్సింది వచ్చేదాకా అడుగుతావా? అది అడగడం కాదురా, బేరం."

రామానుజం ముందు అమ్మవారికి కట్టాడు. తర్వాత ఆదికేశవన్‌కు కట్టాడు. తాయారుకు, దొరైస్వామికి కట్టాడు. దొరైస్వామి మణికట్టు మీద ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేశాడు.

పందిట్లో పంక్తి కుదిరింది. చిక్కటి అంబలి పోసేవాళ్ళు వరసలో పోస్తారు, వరస మారడానికి వీల్లేదు. దొరైస్వామి పక్క విస్తరి ఆదికేశవన్‌ది. వాడు తింటున్న చప్పుడు వినిపించేది. రెండో రోజున దొరైస్వామి విస్తరి మడిచి అడిగాడు.

"ఆ గొలుసు నీదేనా?"

"కాదు. వీరరాఘవన్‌ది."

"నువ్వేం చేసినావు?"

"కాళ్ళు పట్టుకున్నా."

"ఏమన్నా అన్నాడా?"

ఆదికేశవన్ అంబలిలో ఉల్లిపాయ ముక్క వెతుక్కుంటున్నట్టు వేళ్ళు కదిపాడు.

"నువ్వు లీలమ్మత్త కొడుకువి గదా అన్నాడు. రెండుసార్లు అన్నాడు. మూడోసారి నోట్లోంచి మాట రాలేదు."

"వదిలిపెట్టలేదా?"

"లేదు."

దొరైస్వామి లేచి వెళ్ళి నూతి దగ్గర చెయ్యి కడుక్కున్నాడు. తిరిగి వచ్చి అదే చోట కూర్చున్నాడు. వరస మారడానికి వీల్లేదు.

"కాప్పు విప్పినాక నిన్ను నరుకుతా," అన్నాడు.

"తెలుసు. ఆ పూటే పారిపోతా."

"అటు చౌకీ. ఇటు సముద్రం."

"పిళ్ళైచావడి రేవులో పడవవాడొకడు ఉండాడు."

"పడవ దాకా పోవాల గదా."

పురుషోత్తమన్ అవతలి విస్తరి నుంచి దగ్గాడు. "మీరిద్దరూ ఇట్లా ముచ్చట్లాడుకుంటే నాకు అంబలి దిగదు నాయనా. చంపుకునేది చంపుకుందురు గాని, కాస్త ఉప్పు ఇట్లా జరపండి."

గుండానికి కట్టెలు దొరైస్వామి ఇంటి మొక్కు. చౌకీలు లేచాక బండి రాలేదు గాని, అంతకుముందు దింపుకున్న చింతమొద్దులను అతను అమ్మకుండా దాచాడు. అడిగినవాళ్ళకు లేవన్నాడు. గుండం తొక్కడానికి ముందురోజు పొద్దున ఆ మొద్దులను గుడి దగ్గరికి చేర్చాలి. కాప్పువాళ్ళే మొయ్యాలి. ఆ పూట దొరైస్వామికీ ఆదికేశవన్‌కూ వంతు వచ్చింది. మిగిలినవాళ్ళు పసుపు గుడ్డల్లో పందిట్లో కూర్చుని ఉన్నారు.

వీరరాఘవన్ మనుషులు సముద్రం వైపు నుంచి వచ్చారు. ఇనుప కడ్డీలు, గొలుసులు, ఇద్దరి చేతుల్లో కిరసనాయిలు సీసాలు. ఊళ్ళో దీపానికి చుక్క లేని రోజులవి. పందిరి గుంజ ఒకటి పీకేసరికి కప్పు ఒక పక్కకు ఒరిగింది.

రామానుజం లేవలేదు. "కాప్పు ఉంది. చేతులు కట్టుకోండి," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

వీధివాళ్ళు చేతులు కట్టుకున్నారు.

అడితి తలుపు సందులోంచి దొరైస్వామి ఇదంతా చూశాడు. ఆదికేశవన్ మొద్దుల వెనక్కి దూరాడు.

వాళ్ళు వరస మొదట్నుంచి అడుగుతూ వచ్చారు. ఆది యాడ? పురుషోత్తమన్ నోరు తెరిచి, "యే ఆది?" అన్నాడు. కడ్డీ వాడి మోకాలి మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు అడితి దాకా వినిపించింది. వాడు పక్కకు ఒరిగి మట్టి కరిచాడు. ఆ పక్కవాణ్ణి అడిగారు. వాడు కళ్ళు మూసుకున్నాడు. పళ్ళు రాలాయి. ఇంకొకడి వీపు మీద గొలుసు ఆడింది. పసుపు గుడ్డ చినిగి ఒంటికి అతుక్కుపోయింది. ఒక్కరూ చెయ్యి అడ్డం పెట్టలేదు. అడ్డం పెట్టడం ఎత్తడం అవుతుందేమోనని అనుమానం. అటువంటి అనుమానం ఆ వీధివాళ్ళకే వస్తుంది.

లీలమ్మ వీధి చివర ఇడ్లీ కుండ దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. "నన్ను కొట్టండి, వాడు నా కొడుకు," అంది. ఆమెను జుట్టు పట్టుకుని కాలువలోకి తోశారు.

తాయారును అడిగారు.

"నీ మొగుణ్ణి చంపినోడు గదా వాడు. వాడి కోసం దెబ్బలు తింటావా?" అన్నాడు వీరరాఘవన్ తమిళంలో.

ఆమె వాడి చేతిలో గొలుసును చూస్తోంది. కడ్డీ ఆమె కట్టుకున్న చేతుల మీద పడింది. ఎడమ మణికట్టు వంగకూడని వైపు వంగింది. ఆమె ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, మళ్ళీ కట్టుకుంది.

అప్పుడు రామానుజం లేచాడు. వీరరాఘవన్‌కూ తాయారుకూ మధ్యకు వచ్చి కూర్చోబోయాడు. కూర్చునేలోపలే గొలుసు ఆ తల మీద పడింది. మూడు దెబ్బలు. ముసలాయన చప్పుడు లేకుండా ఒరిగాడు. గుడి మెట్టు మీద పోసిన ముగ్గులోకి నెత్తురు పాకింది.

అక్కణ్ణుంచి వాళ్ళు అడితికి వచ్చారు. దొరైస్వామి తలుపు తీసి గడప మీద నిలబడ్డాడు. వీరరాఘవన్ గొలుసు నుంచి నెత్తురు చుక్కలు రాలుతున్నాయి.

"దొరైస్వామి, నీకూ నాకూ లెక్క ఉందనుకో. అది తర్వాత చూసుకుందాం," అన్నాడు. "వాడు లోపలున్నాడు. నీ పనే మేం చేసిపెడతాం. నువ్వు చెయ్యెత్తొద్దు, నోరు తెరవొద్దు. అట్లా పక్కకు జరుగు చాలు."

గొడ్డలి తలుపు వెనక మూలన ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. మొద్దుల వెనక ఆదికేశవన్ ఊపిరి వినిపిస్తోంది. ముందు తమ్ముణ్ణి చంపిన గొలుసు, వెనక తమ్ముడి కాళ్ళు పట్టుకున్న చేతులు. గొడ్డలికి రెండు పక్కలా పని ఉంది. అది కాదంటే, ఒక్క అడుగు పక్కకు. అడుగు జరిగితే నెత్తురు చిందించినట్టు కాదేమో. మనిషిని వదిలినట్టు కాదేమో. గాలికి జరిగాననుకోవచ్చు.

అతను వీధి వైపు చూశాడు. పురుషోత్తమన్ మట్టిలో మోకాలు పట్టుకుని ఉన్నాడు. వాడు ఒక్క వేలు చూపించి ఉంటే ఆ మోకాలు నిలిచేది. తాయారు చేతులు కట్టుకునే కూర్చుని ఉంది. వీళ్ళంతా దెబ్బలు తిన్నది ఆదికేశవన్ కోసం కాదు. సరే అన్నారు గనక. తనూ అన్నాడు. అందరికంటే గట్టిగా అన్నాడు.

దొరైస్వామి గడప మీద కూర్చున్నాడు. కాళ్ళు బారజాపి తలుపుకు అడ్డంగా పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

"పిచ్చినాయాలా," అన్నాడు వీరరాఘవన్. ఆ మాటలో కోపం కంటే విసుగే ఎక్కువ ఉంది.

మొదటి కడ్డీ భుజం మీద పడింది. తర్వాతవి ఎడమ మోచేతి మీద, ఒకేచోట పడ్డాయి. ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది. అతను గడప మీద నుంచి జారలేదు, పడుకున్నాడు. అతని మీదుగా సీసాలు లోపలికి విసిరారు. సరుగుడు కట్టెలు అంటుకున్నాయి. పొగ లేచేసరికి అవతలి వీధుల వాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు, యాడనో సిపాయి ఈల వినిపించింది. ముఠా వచ్చిన దారినే పోయింది.

మంటల్లోంచి దొరైస్వామిని చంకల కింద చేతులు పెట్టి బయటికి లాగినవాడు ఆదికేశవన్. కాళ్ళు పట్టుకుని లాగడం తేలిక. వాడు కాళ్ళు పట్టుకోలేదు.

రామానుజానికి సాయంత్రానికి తెలివి వచ్చింది. తలకు పసుపు గుడ్డ కట్టారు. పెద్దాసుపత్రికి పోదామంటే వద్దన్నాడు.

"ఎవరన్నా చెయ్యెత్తినారా?"

"లేదు పెదనాయనా."

"అయితే వెలిగించండి."

చింతమొద్దులు లోపలి వైపున ఉండబట్టి సగం మిగిలాయి. మర్నాడు గుండం వెలిగించారు. నిప్పులు పరిచి కొట్టి చదును చేసేసరికి పొద్దు వాలింది. రామానుజాన్ని మంచం మీద మోసుకొచ్చి గుండం పక్కన దించారు. పురుషోత్తమన్‌ను ఇద్దరు భుజాల మీద ఎత్తుకుని నిప్పుల మీద నడిచారు. వరస మారలేదు. దొరైస్వామి ముందు ఆదికేశవన్. దొరైస్వామి చెయ్యి వెదురుబద్దలు వేసి మెడకు కట్టి ఉంది. ముందు నడుస్తున్న మడమలు అతనికి కనిపిస్తున్నాయి. భుజంతో ఒక్క తోపు చాలు. ఆ మడమల మీదే కన్ను పెట్టి, వాటి వెనకే నడిచి అవతలికి చేరాడు. నిప్పు కాలిందా అని తర్వాత ఎవరో అడిగితే, నిప్పు సంగతి గుర్తులేదన్నాడు.

మర్నాడు పొద్దున కాప్పు విప్పాలి. దొరైస్వామి అందరికంటే ముందు లేచి అడితికి వెళ్ళాడు. బూడిదలోంచి గొడ్డలి తీశాడు. పిడి మాడింది గాని, ఇనుము ఇనుములాగే ఉంది. కుడి చెయ్యి ఒకటి చాలు. గుడి వెనక గోడకు ఆనించి వచ్చి వరసలో కూర్చున్నాడు. ఆదికేశవన్ దాన్ని చూశాడు. చూసి, పిళ్ళైచావడి దారి వైపు చూశాడు.

పసుపునీళ్ళ పళ్ళెం తెచ్చి రామానుజం మంచం పక్కన పెట్టారు. ముందు అమ్మవారి కాప్పు విప్పాలి గనక విగ్రహాన్ని మంచం దగ్గరికి తెచ్చారు. ముసలాయన చెయ్యి ఎత్తబోయి దించాడు. మళ్ళీ ఎత్తలేదు. తాయారు ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూసింది.

"పోయినాడు," అంది.

ఏడుపు కాసేపటికి గాని లేవలేదు. ముందు అందరూ తమ తమ మణికట్లు చూసుకున్నారు.

దినకర్మలయ్యాక అరుగు మీద మాట్లాడుకున్నారు. ఫలానావాడి చేత విప్పిద్దామని ఒకడన్నాడు. కత్తెర పెడదామని ఇంకొకడన్నాడు. పురుషోత్తమన్ కాలు బారజాపుకుని ఉన్నాడు. "కత్తెర నా దగ్గరే ఉంది. తెమ్మంటే తెస్తా. కట్టింది ఆయన. ఎవరి తల మీద వేసుకుంటారో చెప్పండి," అన్నాడు. తాతల నాడు ఎట్లా జరిగిందో అట్లాగే, ఇళ్ళకు పోవచ్చు గాని కట్టడి కట్టడే అన్నారు. ఆఖరి పోగు రాలిపోయేదాకా వీధంతా కాప్పులో ఉన్నట్టే.

దొరైస్వామి గొడ్డలి తెచ్చి మూలన పెట్టాడు. నూలు ఎన్నాళ్ళుంటుంది? ఎండకు చివుకుతుంది, నీళ్ళకు నానుతుంది. ఆదికేశవన్ పారిపోలేదు. పారిపోవాల్సిన తొందర తీరింది. తల్లి రుబ్బిన పిండికి నీళ్ళు మోస్తూ, తల వంచుకుని ఆ వీధిలోనే తిరుగుతున్నాడు. దొరైస్వామి అడితి ముందుగానే పోవాలి, వేరే దారి లేదు.

నవంబరు ఒకటో తేదీన పట్నంలో ఫ్రెంచి జెండా దించి మన జెండా ఎత్తారు. ఊరేగింపులో వీరరాఘవన్ ఖద్దరు టోపీ పెట్టుకుని ముందు వరసలో నడిచాడు. నాయుళ్ళ వీధి వాళ్ళు వాణ్ణి చూశారు. చేతులు కట్టుకుని చూశారు. పురుషోత్తమన్ కర్ర మీద ఆనుకుని, "టోపీ కుట్టింది నేను కాదు నాయనా," అన్నాడు.

కాప్పులు రాలడం మొదలైంది. బట్టలు ఉతుకుతుంటే ఒకరిది, బావిలో నీళ్ళు తోడుతుంటే ఒకరిది. రాలినదాన్ని గుడి గూట్లో పెట్టి వస్తారు. ఆదికేశవన్‌ది పిండి బానలో పడింది. లీలమ్మ ఆ పిండి పారబోసింది. చలికాలం వెళ్ళేసరికి దొరైస్వామిది ఒక్క పోగు మీద వేలాడింది. అతను దాన్ని లాగలేదు. అయితే రంపంతో కోసేటప్పుడు కాపాడనూ లేదు. ఒకనాడు పొట్టులో చూస్తే పసుపుకొమ్ము పడి ఉంది.

ఆ సాయంత్రం గొడ్డలి నూరాడు. ఎడమ చెయ్యి వంకరగా అతుక్కుంది, పట్టు లేదు. రాయిని కాలితో తొక్కిపట్టి ఒక్క చేత్తో నూరాడు. ఇంకెవరిదైనా మిగిలిందా అని వీధిలో అడిగాడు. లేదన్నారు. తాయారును అడగలేదు. రోజూ కనిపించే మనిషి గదా, ఉంటే కనిపించేది అనుకున్నాడు.

పొద్దున్నే ఆమె వాకిట్లో పెసలు చెరుగుతోంది. చేట కదిలినప్పుడు కొంగు జారింది. ఎడమ మణికట్టు మీద పసుపు మెరిసింది. తడి పసుపు.

దొరైస్వామి గొడ్డలితో సహా ఆగాడు.

"ఏంది అది?"

"కాప్పు."

"అది కొత్త నూలు."

"పైది కొత్తది. లోపలిది పూజారి మామ కట్టిందే. చివికేటప్పుడల్లా పైన ఒక పోగు చుడుతుండా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మామ పోయిన వారం నుంచి."

"ఇది మోసం తాయారూ. అమ్మవారు ఒప్పుకునేది కాదు."

"పువ్వు పెట్టి అడుగు బావా."

ఆమె చేట కింద పెట్టింది.

"నేనేమీ మరిచిపోలేదు. వాడు ఎదురుపడితే ఇంట్లోకి పోయి తలుపేసుకుంటా. వాడు చస్తే ఏడవను. కానీ నువ్వు వాణ్ణి నరికి వస్తే ఆ గొడ్డలి కడిగేది ఎవరు? ఈ వాకిట్లో రెండుసార్లు కడిగినా. ఆయన్ని ఒకసారి, నీ చేతిని ఒకసారి. మూడోసారి నా వల్ల కాదు. ఒక్కరికి ఉంటే అందరికీ ఉన్నట్టేనని మీరే గదా అంటారు. నాకు ఉంది."

"ఎన్నాళ్ళు చుడతావు?"

"నూలు కరువా ఈ ఊళ్ళో?"

మగ్గాలున్న ఊరది. దొరైస్వామి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. తాయారు చెయ్యి చాపింది.

"వద్దంటే నువ్వే తెంచు. నీ కుడి చెయ్యి బాగానే ఉంది గదా. తెంచి, ఈ పూటే పోయి నీ పని చూసుకో. నేను అరిచి వీధిని పిలవను."

అతను ఆ మణికట్టు పట్టుకున్నాడు. కడ్డీ పడిన చోట ఎముక ఎత్తుగా అతికింది. ఆ ఎత్తు మీద నూలు ఒరుసుకుని తోలు గీరుకుపోయి ఉంది. కొత్త పోగుకు ముడి ఆమె ఒంటిచేత్తో వేసుకున్నది, వదులుగా ఉంది. చిటికెన వేలు దూర్చి లాగితే చాలు. అడితి ముందు నుంచి ఆదికేశవన్ నీళ్ళ కావడి మోసుకుపోతున్నాడు. కడవల్లోంచి నీళ్ళు తొణుకుతున్నాయి. దొరైస్వామి తల తిప్పి వాడు మలుపు తిరిగేదాకా చూశాడు. చెయ్యి వదల్లేదు.

"ముడి ఇట్లా వేస్తే నిలుస్తుందా?" అన్నాడు చివరికి.

"ఒక్క చేత్తో ఇంతకంటే పడదు."

అతనూ ఒక చేత్తో ప్రయత్నించాడు, పడలేదు. ఎడమ చేతి వేళ్ళు బిగియవు.

"ఈ కొస పట్టుకో."

ఆమె నూలు కొస పళ్ళతో పట్టుకుంది. అతను రెండో కొసను కుడిచేత్తో లాగాడు. ముడి బిగిసింది. రామానుజం వేసినట్టు దాని మీద ఇంకోటి వేశాడు.

కట్టిన చెయ్యే విప్పాలన్న సంగతి, లేచి నిలబడ్డాక గుర్తొచ్చింది. గొడ్డలి నేల మీద నుంచి తీసుకుని అడితికి పోయాడు. అక్కడ ఎవరో కట్టెల కోసం వచ్చి నిలబడి ఉన్నారు.